గేటుపిట్ట

పోయినవారం మన పిట్టలమ్మని మీటింగు గదిలో, వెనక వరస కుర్చీలో, చేతిలో టీ కప్పుతో కూర్చోబెట్టి వచ్చేశాం. అలా వదిలేసినందుకు కొందరు పాఠకులు నా మీద గయ్యిమన్నారు. "అప్పుడే లేచి నలుగుర్లో కడిగి పారెయ్యొచ్చుగా, మూగదానిలా ఆ కూర్చోవడం ఏమిటి?" అని ఒకావిడ ఫోన్‌లోనే నన్ను నిలదీసింది. చెప్పడానికేం, బాగానే ఉంటుంది తల్లీ. బయటివాడు మోసం చేస్తే నోరు దానంతటదే లేస్తుంది. ఇంట్లోవాళ్లు చేస్తే ముందు మన కళ్ల మీద మనకే అనుమానం వస్తుంది. పిట్టలమ్మకి వచ్చిందీ అదే.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. పిట్టలమ్మ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆఫీసులో ఉద్యోగుల సెలవులూ హాజరూ చూసుకునే ప్రోగ్రామ్ ఆమె చేతి మీదుగా నడుస్తుంది. ఎవరి సెలవైనా తప్పుగా పడినప్పుడు తప్ప ఆమె ఒకతె ఉందని ఎవరికీ గుర్తుకురాదు. ఆదివారం తెల్లారిందంటే మాత్రం మైకు పట్టుకుని పార్కుకి పోయి చెట్ల కింద నిలబడుతుంది. పిట్టల కూతలు రికార్డు చేసుకోవడం ఆమె సరదా. ఆ కూత విని ఇది గోరింక, ఇది పిచ్చుక, ఇది వడ్రంగిపిట్ట అని చెప్పే ప్రోగ్రామ్ ఒకటి ఏళ్ల తరబడి రాసుకుంది. సొంత టైములో, సొంత లాప్‌టాప్‌లో. ఆఫీసు మెషీన్‌లో దాని ముక్క కూడా పెట్టలేదు. ఎందుకంటే ఆఫీసు మెషీన్‌లోకి ఎక్కిందేదైనా ఆఫీసుదే అని ఉద్యోగంలో చేరిన రోజే అందరి చేతా ఒప్పించుకున్నారు. "రోజంతా రాసేది వాళ్లది. ఇదొక్కటీ నాది" అనేది పిట్టలమ్మ, మురిపెంగా.

ఇక గేటుపిట్ట సంగతి. వాళ్ల అపార్ట్‌మెంటు వెనక ఇనప గేటు ఒకటుంది. ఎవరు తెరిచినా కీచుమంటుంది. అది కీచుమన్నప్పుడల్లా పిట్టలమ్మ ప్రోగ్రామ్ "వడ్రంగిపిట్ట!" అని ఒట్టేసి చెప్పేది. ఎంత సరిచేసినా వినలేదు. చివరికి విసిగిపోయి గేటు చప్పుడునే ఒక పిట్టగా నేర్పేసింది. పేరు గేటుపిట్ట. ముక్కు స్థానంలో గేటు బందు పెట్టి, కనుబొమలు ముడేసుకుని విసుక్కుంటున్న పిట్ట బొమ్మ కూడా తనే గీసి పెట్టింది. ఇలాంటి పనులు సాఫ్ట్‌వేర్‌వాళ్లే చెయ్యగలరు. తప్పు దిద్దడం చేతకాకపోతే దానికి పేరు పెట్టి, ముద్దు చేసి, ఇంట్లో మనిషిని చేసేసుకుంటారు. ఆ గేటుపిట్ట సంగతి లోకంలో తెలిసింది ముగ్గురికే. పిట్టలమ్మకి, ఆమె మొగుడికి, ఆమె ఆడపడుచుకి.

ఆ ఆడపడుచుది కూడా ఇదే ఆఫీసు. ఒక టీమ్‌ని నడిపిస్తుంది కాబట్టి అక్కడ ఆమెని కెప్టెన్ అంటారు. కంపెనీ కొత్తగా తెచ్చిన వస్తువుని, అంటే ఫ్యాక్టరీలో మిషన్ల చప్పుడు విని ఏ మిషన్‌కి ఏ జబ్బు చేసిందో చెప్పే ప్రోగ్రామ్‌ని, ఒక పెద్ద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మేడంకి ఆ రోజు చూపిస్తోంది. వెనక కుర్చీలు ఖాళీగా ఉంటే బాగుండదని పిట్టలమ్మనీ పిలిచారు. టీ ఇచ్చినతను బయటికి వెళ్తూ తలుపు తోశాడు. తలుపు కీచుమంది. తెర మీద పంపులూ మోటార్లూ మాయమైపోయి, కనుబొమలు ముడేసుకుని గేటుపిట్ట వచ్చి వాలింది.

మనం ఆగింది అక్కడ.

*

గదిలో ముందు నవ్వింది ఫ్యాక్టరీ మేడం. "ఇదేమిటమ్మా, మా పంపుల్లో పిట్ట దూరింది?"

కెప్టెన్ మొహం పాలిపోయింది. మళ్లీ అంతలోనే సర్దుకుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, సర్దుకోవడంలో ఆ పిల్లని మించినవాళ్లు లేరు. "టెస్టింగ్ కోసం పెట్టుకున్న బొమ్మ మేడం. తీసెయ్యడం మర్చిపోయాం" అంది.

మర్చిపోయాం! ఎవరు మర్చిపోయారమ్మా? బొమ్మ ఎవరిది, మరుపు ఎవరిది? ఆ పిట్ట కనుబొమలు ఏ పెన్సిల్‌తో గీసిందో కూడా పిట్టలమ్మకి గుర్తుంది.

"మా పిల్లలు కొంచెం సరదా మనుషులు" అన్నాడు పెద్దసారు. కంపెనీ ఆయనదే. ఆయన నవ్వితే మిగతావాళ్లు కూడా నవ్వడం అక్కడి ఆనవాయితీ. నవ్వారు. కెప్టెన్ కూడా నవ్వింది, కానీ వెనక కుర్చీ వైపు మాత్రం చచ్చినా చూడలేదు.

"టీ తాగి, కాళ్లు కాస్త సాగదీసుకుని మళ్లీ కూర్చుందాం. కొనే ముందు నాకు ఒకటి రెండు ప్రశ్నలున్నాయి" అంది ఫ్యాక్టరీ మేడం. అందరూ లేచారు.

పిట్టలమ్మ కప్పు పట్టుకుని కూర్చునే ఉంది. ఆమెకి ముందు గుర్తొచ్చింది మొగుడు. అతనిది ఇదే కంపెనీలో అమ్మకాల పని. నోరు మంచిదని ఆఫీసులో అతన్ని మాటకారి అంటారు. ఈ ఫ్యాక్టరీ మేడంని పట్టుకొచ్చిందీ అతనే. గేటుపిట్ట వాలినప్పుడు అతను కింది అంతస్తులో మేడంతో వచ్చిన మనుషులకి మర్యాదలు చేస్తున్నాడు. 'అయ్యో, ఆయనకి తెలియదు పాపం. చెల్లెలు ఇంత పని చేసిందని తెలిస్తే ఏమైపోతాడో' అనుకుంది పిట్టలమ్మ. అవును, అలాగే అనుకుంది. మీరు నవ్వినా సరే, నేను దాచను.

*

ఆ ఆఫీసులో ఎవరి చెవినా పడకుండా మాట్లాడుకోవాలంటే ఒకటే చోటు, సర్వర్ల గది. బీరువాల్లాంటి పెట్టెల్లో మెషీన్లు పొద్దస్తమానం గుయ్యిమంటూ ఉంటాయి. ఏసీ చలికి పళ్లు టకటకలాడతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిట్టలమ్మా కెప్టెనూ ఒకే బల్ల పంచుకున్న స్నేహితురాళ్లు. మేనేజర్ తిట్టిన ప్రతిసారీ ఇద్దరూ ఇక్కడికే వచ్చి ఏడ్చుకునేవాళ్లు, ఏడ్చి ఏడ్చి నవ్వుకునేవాళ్లు. "మా అన్నయ్యని చేసుకోవే, జన్మంతా నీ లంచ్ బాక్స్ నేనే తింటాను" అని కెప్టెన్ ఆమెని అడిగింది కూడా ఈ గదిలోనే.

ఇప్పుడు పిట్టలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి తలుపు మూసింది.

"అబ్బ, మెల్లగా వదినా! చెయ్యి ఊడొచ్చేట్టుంది."

"సిగ్గు లేదూ నీకు?"

"దేనికి?"

"ఇంకా దేనికంటావా? నా ప్రోగ్రామ్ ఎత్తుకొచ్చి, నా కళ్లముందే నిలబడి, మా టీమ్ చేసిందని చెప్పుకున్నావు. నా పిట్టకి కూడా నువ్వే సంజాయిషీ చెప్పావు. పరాయిదానివైతే పోనీలే అనుకునేదాన్ని. నువ్వు చేస్తావా నాకు?"

కెప్టెన్ నోరు తెరుచుకుని అలాగే నిలబడింది. అది దొరికిపోయిన మొహం కాదు. అర్థం కాని మొహం.

"ఎత్తుకు రావడమేమిటి వదినా? నువ్వేగా ఇమ్మన్నావు?"

"నేనా?"

"నువ్వే. ఆఫీసుకి ఇచ్చెయ్యమన్నావుట, పేరు మాత్రం పెట్టొద్దన్నావుట. నలుగురి ముందు నిలబడి మాట్లాడాలంటే నీకు గుండె దడ, ఎలాగూ మొదట్నుంచీ అంతేగా. 'మీరే చూసుకోండి, నన్ను మధ్యలోకి లాగకండి' అన్నావుట. అందుకే నేను నీ వైపు చూడలేదు. చూస్తే అందరూ నిన్ను పట్టుకుంటారని..."

"ఎవరు చెప్పారు నీకు ఇదంతా?"

కెప్టెన్ కళ్లల్లో సంగతి మెల్లగా వెలుగుతోంది.

"అంటే... నువ్వు అనలేదా?"

"ఎవరు చెప్పారని అడుగుతున్నాను."

"అన్నయ్య" అంది కెప్టెన్.

పిట్టలమ్మ పక్కనున్న మెషీన్ పెట్టెని పట్టుకుంది. ఇనుము చల్లగా తగిలింది.

"అన్నయ్యే పెన్ డ్రైవ్‌లో తెచ్చిచ్చాడు వదినా. మిషన్ల చప్పుళ్లన్నీ అప్పటికే అందులో నేర్పి ఉన్నాయి. అరిగిపోయిన బేరింగు, నీళ్లు కారే పంపు, బెల్టు జారిన మోటారు, అన్నీ. మేం చేసిందల్లా పైన రంగులు మార్చి కంపెనీ బొమ్మ అతికించడమే. వదిన నాలుగు నెలల్నుంచీ దీని మీదే కూర్చుంది, నీ కోసమే చేసింది అన్నాడు."

ఆదివారాలు!

పిట్టలమ్మకి ఒక్కసారిగా అన్నీ వరసలో వచ్చి నిలబడ్డాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె పిట్టల గొడవ మొగుడు ఏనాడూ పట్టించుకోలేదు. "నువ్వూ నీ పిట్టలూ" అని దుప్పటి ముసుగేసుకునేవాడు. ఈమధ్య ఏమైందో ఏమో, ఆదివారాలు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. తనే టీ పెట్టి తెచ్చేవాడు. ఇది ఎలా గుర్తుపడుతుంది, అది ఎలా తేడా తెలుసుకుంటుంది అని అడిగేవాడు. ఫోన్‌లో ఏవో మిషన్ల చప్పుళ్లు పట్టుకొచ్చి, "మా క్లయింటు దగ్గరి పంపు ఇది. ఏదీ, దీనికి ఇది కూడా నేర్పు, చూద్దాం" అనేవాడు. ఆమె పడీ పడీ నవ్వి, పంపుకి ఒక పిట్ట పేరు పెట్టి నేర్పేది. ప్రోగ్రామ్ సరిగ్గా చెప్పినప్పుడు అతను చప్పట్లు కొట్టేవాడు.

ఎంత పొంగిపోయిందో! వాళ్లమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పింది. "అమ్మా, ఈయనకి కూడా పిట్టల పిచ్చి పట్టుకుందే." చీర కొనిచ్చినప్పుడు కూడా అంత సంబరపడలేదు ఆ పిచ్చి తల్లి. ఇష్టమైన పనిలో మొగుడు పక్కన కూర్చున్నాడని, ఇన్నాళ్లకి తనని తనలా చూశాడని అనుకుంది. చూసింది తనని కాదు. పనితనాన్ని చూశాడు, దాని వెల చూశాడు.

"వదినా, ఏడవకు. నాకు నిజంగా తెలియదు" అంది కెప్టెన్, ఆమె భుజం మీద చెయ్యి వేస్తూ.

పిట్టలమ్మ ఆ చెయ్యి తీసేసింది. "రోజూ పక్క బల్ల దగ్గరే కూర్చుంటాను. మధ్యాహ్నం ఒకే బాక్స్‌లో తింటాం. ఇన్ని నెలల్లో ఒక్కసారి, ఒక్కమాట, 'వదినా, నిజంగా ఇచ్చేస్తున్నావా' అని అడగడానికి నీకు నోరు రాలేదా?"

కెప్టెన్ కిందకి చూసింది.

"చెప్పు. ఎందుకు అడగలేదు?"

"అడిగితే... కాదంటావేమోనని" అంది కెప్టెన్.

అదీ సంగతి. తెలియకపోవడం వేరు, తెలుసుకోకపోవడం వేరు. ఆ తేడా ఇద్దరికీ తెలుసు. పిట్టలమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది.

*

వరండాలో ఎదురొచ్చాడు మొగుడుగారు. మెడలో ఆఫీసు కార్డు ఊగుతోంది, మొహం వెలిగిపోతోంది.

"ఎక్కడికి పోయావోయ్? నీ కోసమే చూస్తున్నా. మేడం దాదాపు ఒప్పుకున్నట్టే. ఈ మధ్యాహ్నం సరే అనేస్తే..."

"ఆదివారాలు నా పక్కన కూర్చుంది ఇందుకా?"

అతను ముందు వరండాకి అటూ ఇటూ చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని. పెళ్లాం కళ్లల్లో నీళ్లు ఆ తర్వాత చూశాడు. ఆ వరస పిట్టలమ్మ గమనించింది. ఆడవాళ్లు ఇలాంటివి జన్మలో మర్చిపోరు.

"మెల్లగా. నేను చెప్తాగా. సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను."

"సర్‌ప్రైజా?"

"అంటే... సరే, అది కాదు. విను. నా ఉద్యోగం ఊగుతోంది. నీకు చెప్పలేదు, భయపడతావని. ఈ ఆర్డరు రాకపోతే వెళ్లిపొమ్మని మొహం మీదే చెప్పేశారు. చేతిలో అమ్మడానికి ఏమీ లేదు. ఇంట్లో చూస్తే నువ్వు ఇంత గొప్ప వస్తువు పెట్టుకుని పిచ్చుకలు లెక్కపెట్టుకుంటున్నావు. ఏం చెయ్యమంటావు నన్ను?"

"అడగమంటాను."

"నీకది హాబీయే కదా! నాకు బతుకు."

అతను అంత గట్టిగా అనాలనుకోలేదేమో. కానీ అనేశాడు. వరండా చివర ప్రింటర్ దగ్గర నిలబడ్డ ఎవరో ఇటు తిరిగి, మళ్లీ అటు తిరిగారు.

హాబీ. పిట్టలమ్మ ఆ మాటని లోపల తిప్పి తిప్పి చూసుకుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎవరికో కావాల్సింది, ఎవరో చెప్పినట్టు, ఎవరో అడిగిన రోజుకి రాసిస్తుంది. అందులో తప్పు వస్తే తనది, ఒప్పు వస్తే పై వాళ్లది. ఆ ప్రోగ్రామ్ ఒక్కటే ఎవరూ అడక్కుండా రాసింది. తొందర లేకుండా, భయం లేకుండా, ఒక్కోసారి తనలో తను నవ్వుకుంటూ రాసింది. ఈ లోకంలో ఆమె ఎవరో చూపించమంటే చూపించడానికి ఆమె దగ్గరున్నది అదే. ఇప్పుడది ఆఫీసు మెషీన్‌లోకి ఎక్కేసింది. తనదని ఇవాళ నిలబడి చెప్పుకోకపోతే, మేడం సరే అనేస్తే, ఇక అది పిట్టలమ్మది కాదు. ఆదివారం పార్కులో కొత్త కూత వినపడితే దాన్ని నేర్పడానికి కూడా ఆమె ఎవరినో అడగాలి.

"అడిగితే ఇచ్చేదాన్నేమో" అంది. "నీ ఉద్యోగం పోతోందని ఒక్కమాట చెప్పి, నీ సాయం కావాలి అని అడిగితే, పక్కన కూర్చుని ఇద్దరం కలిసే చేసేవాళ్లమేమో. నాతో ఆటాడావు. నేను ఎంత సంతోషపడ్డానో చూశావు. ప్రతి ఆదివారం చూస్తూనే ఆడావు."

అతను తల దించుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదండీ, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కథ ఇన్ని వారాలు సాగేది కాదు. భయస్తుడు. భయపడినప్పుడు దగ్గరున్న వస్తువు ఏదైతే అది అడ్డం పెట్టుకుంటాడు. అది పెళ్లామైనా సరే.

కాసేపటికి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "తప్పయిపోయింది. నిజంగానే తప్పయిపోయింది. పద, ఇప్పుడే చెప్పేస్తా. అందరి ముందూ నేనే లేచి నీ పేరు చెప్తా. ఇది మా ఆవిడది, ఆమె ఇష్టమైతేనే ఇస్తుంది అని చెప్తా. చాలా?"

"ఒట్టా?"

"నీ మీద ఒట్టు."

నమ్మింది. ఏం చేస్తాం, నమ్మడం అలవాటైన మనిషి. కర్చీఫుతో కళ్లు తుడుచుకుని, జుట్టు సర్దుకుని అతని వెనకే నడిచింది.

*

ఈసారి పిట్టలమ్మ ముందు వరసలో కూర్చుంది. కెప్టెన్ తెర పక్కన నిలబడి తన బూట్లని చూసుకుంటోంది. పెద్దసారు వేళ్లు బల్ల మీద తబలా వాయిస్తున్నాయి.

"వస్తువు నచ్చింది" అంది ఫ్యాక్టరీ మేడం. "అబద్ధం చెప్పను, నచ్చింది. కానీ నావన్నీ ముసలి మిషన్లు. ఒక్కోదానిది ఒక్కో గోల, కొత్త గోల ఎప్పుడు మొదలుపెడతాయో తెలియదు. కాబట్టి వస్తువు కంటే ముందు మనిషి కావాలి నాకు. ఇది ఎవరు చేశారు?"

పెద్దసారు కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ అన్నయ్య వైపు చూసింది. మాటకారి లేచి నిలబడ్డాడు, చొక్కా సవరించుకున్నాడు. పెళ్లాం వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి పిట్టలమ్మ గుండె తేలికపడింది. నలుగురు తన వైపు తిరిగితే ఏం మాట్లాడాలో అని కంగారు కూడా పడింది. చెమట పట్టిన చేతులు ఒళ్లో దాచుకుంది.

"ఇది నేనే చేశాను మేడం" అన్నాడు అతను.

పెద్దసారు తబలా ఆపేశాడు.

"నువ్వు అమ్మకాల మనిషివి కదయ్యా?" అంది మేడం.

"అదే కదా మేడం తమాషా! పగలు అమ్మకాలు, ఆదివారాలు ఇది. చాన్నాళ్ల సరదా నాకు. చిన్న చప్పుడు వినపడితే ఆగి వింటాను. పిట్టల దగ్గర మొదలుపెట్టి మిషన్ల దాకా వచ్చాను." మాట తడబడలేదు, చెమట పట్టలేదు. "అన్నట్టు మా ఆవిడ కూడా సాయం చేసింది. ఇందాక మీరు నవ్వారే, ఆ పిట్ట బొమ్మ... అది ఆవిడ వేసిందే."

"శభాష్!" అన్నాడు పెద్దసారు. "మన దగ్గర ఇలాంటి మాణిక్యం ఉందని నాకే తెలియదే!" చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. కెప్టెన్ చేతులు మాత్రం రెండూ కలవబోయి మధ్యలోనే ఆగిపోయాయి. నోరు విప్పిందా అంటే, అదీ లేదు.

పిట్టలమ్మకి చప్పట్లు ఎక్కడో దూరం నుంచి వినపడుతున్నాయి. ప్రోగ్రామ్ తీసుకున్నాడు, సరే. ఆదివారాలు తీసుకున్నాడు, సరే. ఇప్పుడు పార్కులో ఆగి వినే ఆ మనిషిని కూడా తీసుకుని తొడుక్కున్నాడు. మిగిలిన దానికి బొమ్మలేసుకునే ఆవిడ అని పేరు పెట్టాడు. తన మీద ఒట్టేసి మరీ. ఒళ్లంతా మండిపోయింది ఆమెకి. ఇందాకటి ఏడుపు ఎటు పోయిందో తెలియదు, కళ్లు పొడిబారిపోయాయి.

ఫ్యాక్టరీ మేడం మాత్రం చప్పట్లు కొట్టలేదు. "మంచిది. అయితే ఒక పని చెయ్యి బాబూ. దానికి కొత్త చప్పుడు ఒకటి ఇప్పుడే నేర్పించు. నా కళ్లముందు నేర్చుకుంటే, నేను ఇక్కడే సరే అనేస్తాను."

మాటకారి లాప్‌టాప్ ముందుకి లాక్కున్నాడు. కీబోర్డు మీద చెయ్యి పెట్టాడు, తీశాడు. ఏదో తెరిచాడు, మూశాడు. తర్వాత, అసలు జంకూ గొంకూ లేకుండా, దాన్ని పెళ్లాం వైపు మెల్లగా తోశాడు. ఆదివారాలు టీ కప్పు అందిస్తూ నవ్వినట్టే నవ్వాడు.

"ఏదీ, దీనికి ఇది కూడా నేర్పు, చూద్దాం" అన్నాడు.

అదే మాట, అదే గొంతు.

పిట్టలమ్మ లేచింది. గుండె దడ అంటారే, అది రావాల్సిన సమయానికి ఎందుకో రాలేదు. లాప్‌టాప్ ముందు కూర్చుని, చూడకుండానే నాలుగు మీటలు నొక్కింది. తెర మీద రెండు గడులు తెరుచుకున్నాయి. ఒకదాని మీద 'చప్పుడు' అని ఉంది, రెండోదాని మీద 'పేరు' అని ఉంది.

"ఏ చప్పుడు నేర్పించమంటారు మేడం?"

"నీ ఇష్టం అమ్మా. ఏదైనా సరే, ఇదివరకు దానికి తెలియనిది."

పిట్టలమ్మ బల్ల మీదున్న మైకు తీసి మొగుడి మొహం ముందు పెట్టింది.

"మీరు ఇందాక అన్న మాట ఇంకోసారి అనండి" అంది.

పెళ్లికి ముందూ తర్వాతా ఏనాడూ ఆమె అతన్ని మీరు అనలేదు. ఆ గదిలో అది అర్థమైనవాళ్లు ఇద్దరే, అన్నా చెల్లెలూ. కెప్టెన్ గోడకి ఆనుకుంది. అతని నవ్వు ఒక పక్క నుంచి జారిపోవడం మొదలుపెట్టింది.

"ఏ మాట?" అన్నాడు.

"'ఇది నేనే చేశాను' అన్నారే, ఆ మాట. మేడం చూస్తున్నారు, పెద్దసారు చూస్తున్నారు. గట్టిగా అనండి. దానికి అదే నేర్పిస్తాను. ఇకమీదట ఎక్కడ ఎవరు ఆ మాట అన్నా గుర్తుపడుతుంది."

మైకు మీద ఎర్రదీపం వెలిగింది. పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. పిట్టలమ్మ వేళ్లు కీబోర్డు మీద ఆనించి, అతని నోటి వైపే చూస్తోంది.

"కానివ్వండి" అంది. "ఇది ఏ పిట్టో నేను రాస్తాను."